మొదటి రీలు చూడని సారు

మా కాలేజీలో ఆయన్ని సగం సారు అంటారు. ఆయన సాహిత్యం క్లాసులో చూపించే ఏ సినిమా అయినా సగం దగ్గర మొదలవుతుంది కాబట్టి పిల్లలు పెట్టిన పేరు అది. నన్ను సున్నా మేడమ్ అంటారు. లెక్కలు చెబుతాను, సున్నాలు వేస్తాను, అందులో పెద్ద విశేషమేమీ లేదు. స్టాఫ్‌రూములో కిటికీ పక్క బల్ల ఆయనది, దాని పక్కది నాది. ఏళ్ళ తరబడి ఒకే ఫ్యాను కింద కూర్చుని, అది ఎవరి వైపు తిరగాలని పోట్లాడుకుంటున్నాం. పోట్లాట అంటే నేను పోట్లాడతాను, ఆయన లేచి ఫ్యాను నా వైపు తిప్పేస్తాడు.

నాకు కథలూ నవలలూ పడవు. లేని మనుషులకి లేని కష్టాలు తెచ్చిపెట్టి, అవి చదివి ఉన్న మనుషులు ఏడవడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయినా ఈయన గురించి నేనే చెప్పాల్సి వస్తోంది. ఆయన చెప్పుకోడు. క్లాసులో తప్ప బయట నోట్లో నాలుక లేని మనిషి. ప్రిన్సిపాల్‌గారు పిలిస్తే కుర్చీ అంచు మీద కూర్చుంటాడు. ఆ కుర్చీ తనది కానట్టు.

ఆ సగం సంగతి ముందు చెప్పాలి. ఆయనకి తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రిది మిల్లులో షిఫ్టుల ఉద్యోగం. పెంచింది అక్క. ఆ అక్క ఒక సినిమా హాల్లో టికెట్లు అమ్మేది. బడి వదలగానే తమ్ముడు నేరుగా ఆ టికెట్ల గదికి పోవాలి, ఇంట్లో ఒంటరిగా ఉంచడానికి ఆవిడకి భయం. గది అంటే ఎంత, ఒక స్టూలు, ఒక బల్ల, చెయ్యి పట్టేంత కన్నం. బల్ల కింద కూర్చుని హోంవర్కు చేసుకునేవాడు. సినిమా మొదలై, ఆలస్యంగా వచ్చేవాళ్ళు కూడా వచ్చేసి, కౌంటర్ మూశాక, గేటు దగ్గర మనిషి దయతలిచి ఈయన్ని లోపలికి వదిలేవాడు. అప్పటికి కథ సగం దారిలో ఉండేది. అలా ఊళ్ళోకి వచ్చిన ప్రతి సినిమా చూశాడు కానీ ఒక్కదానికీ మొదలు చూడలేదు.

అక్క మాత్రం ఆ గదిలోనే ఉండిపోయేది. తర్వాతి ఆటకి టికెట్లు సర్దుకోవాలి, మధ్యలో దొరికిన కాస్త తీరికలో నవలలు చదువుకోవాలి. తమ్ముణ్ణి తీసుకుపోడానికి ఆఖర్లో ఓసారి లోపలికి వచ్చేది. అంటే ఈయన చూసింది మధ్య, ఆవిడ చూసింది చివర. మొదలు ఇద్దరికీ తెలియదు. అయినా ఇంటికి నడిచి వెళ్ళే దారిలో ఆయన, "అక్కా, వాడు వంతెన మీద ఎందుకు ఏడుస్తున్నాడు? మొదట్లో ఏమైంది?" అని అడిగితే ఆవిడ ఒక్క క్షణం కూడా తడుముకోకుండా చెప్పేసేదట. గోడ మీద బొమ్మలు చూసి కొంత, క్యూలో నిలబడ్డవాళ్ళ కబుర్లు విని కొంత, మిగతాదంతా సొంతంగా అల్లి. పెద్దయ్యాక ఆ సినిమాలన్నీ వెతికి పట్టుకుని మొదట్నుంచీ చూశాడు. ఒక్కటి కూడా అక్క చెప్పినట్టు లేదు.

"మోసం చేసిందన్నమాట" అన్నాను నేను.

"లేదు మేడమ్, అక్క చెప్పినవే బాగున్నాయి" అన్నాడాయన, మొహమంతా వెలిగిపోతూ.

ఆ టికెట్ల గదిలో అక్క చదివిన నవలల్లో ఒకే ఒక్క రచయిత ఈయన్ని పట్టుకున్నాడు. పెద్ద పేరున్న రచయితేమీ కాదు. ఏడు నవలలు రాసి పోయాడు. అద్దె ఇళ్ళలో మనుషులు, బట్టలు కుట్టేవాళ్ళు, ఆస్పత్రి వరండాలో నిద్రపోయేవాళ్ళు, ఇలాంటివాళ్ళ గురించే రాశాడట. ఆ పుస్తకాలు ఈయన ఎన్నిసార్లు చదివాడో ఆయనకే తెలియదు. బల్ల సొరుగులో ఎప్పుడూ వాటిలో ఒకటి ఉండేది. పరీక్ష పేపర్లు దిద్దుతూ విసుగొస్తే ఒక పేజీ చదువుకుని మళ్ళీ దిద్దేవాడు. నేనైతే విసుగొస్తే సున్నా వేస్తాను.

ఆ రచయిత మీద ఒక ఎలెక్టివ్ పెట్టాలని ఆయన కోరిక. ఎలెక్టివ్ అంటే తప్పనిసరి పాఠం కాదు, పిల్లలు తమకి తాము ఎంచుకునేది. ఒక పుస్తకం, దానికి జోడీగా ఒక సినిమా. సినిమాని మధ్యలోంచి చూపిస్తాడు. ఆపి, మొదట్లో ఏం జరిగి ఉంటుందో పిల్లల చేత చెప్పిస్తాడు. తర్వాత అక్క చెప్పిన మొదలు తను చెబుతాడు. ఆఖర్న అసలు మొదలు చూపిస్తాడు. ఒక మనిషిని మధ్యలో కలిసి, అతని వెనక ఏముందో ఊహించడమే చదవడం అని ఆయన సిద్ధాంతం. నిజంలో కూడా ఎవర్నయినా మధ్యలోనే కదా మేడమ్ కలుస్తాం, అనేవాడు. నాకు ఆ మాట నచ్చింది, కానీ పైకి చెప్పలేదు. చెబితే ఫ్యాను నా వైపు తిప్పడం మానేస్తాడని.

ప్రతి ఏడూ ఆ ఎలెక్టివ్ సిలబస్ కమిటీ ముందుకి రావడం, ప్రతి ఏడూ ప్రిన్సిపాల్‌గారు చూద్దాం అనడం. ప్రిన్సిపాల్‌గారి మనసంతా 'ఇంటర్వ్యూ నైపుణ్యాలు' అనే కోర్సు మీద ఉంది. చివరికి ఒక ఏడాది, పోరు పడలేక, సరే అన్నారు. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. కాగితం చేతికి రాగానే నాకు ఒకటి కంటబడింది.

"ఏడు నవలల రచయిత అంటారు, ఇక్కడ ఆరే ఉన్నాయేం? ఆఖరిది ఏదీ?" అన్నాను.

సగం సారు నీళ్ళు నమిలాడు. "అది... సమయం చాలదేమోనని మేడమ్."

"చాలదంటే ఇంకోటి తీసేయండి. ఆఖరి పుస్తకం లేకుండా రచయిత మొత్తం ఎలా తెలుస్తాడు? లెక్క సగం చేసి జవాబు రాస్తే నేను మార్కులు వేస్తానా?"

ప్రిన్సిపాల్‌గారికి నా మాట తెగ నచ్చేసింది. "కరెక్ట్. ఆఖరిది పెట్టండి. పెట్టడమే కాదు, ఆ పాఠం చెప్పే రోజు మేడమ్‌గారు క్లాసులో కూర్చుని చూస్తారు. ఆవిడ బాగుందంటే కోర్సు ఉంటుంది. లేదంటే వచ్చే ఏటి నుంచి ఇంటర్వ్యూ నైపుణ్యాలు. ఏమంటారు?" అన్నారు.

సగం సారు ఏమంటాడు? సంతకం పెట్టేశాడు. ఆఖరి పుస్తకం అడగడంలో తప్పు నాదని తర్వాత చాలామంది అన్నారు. నేను ఇప్పటికీ నాదే రైటంటాను.

ఆ కోర్సు నడిచిన తీరు చూసి స్టాఫ్‌రూమంతా ముక్కున వేలేసుకుంది. నా క్లాసులో నిద్రపోయే పిల్లలు ఆయన క్లాసుకి ముందే వచ్చి కుర్చీలు పట్టుకునేవాళ్ళు. వరండాలో నడుస్తుంటే లోపల్నుంచి ఒకటే అరుపులు. "వాడికి అప్పటికే పెళ్ళయి ఉంటుంది సార్!" "కాదు సార్, ఆ ఉత్తరం వాళ్ళమ్మది!" అని. సగం సినిమా చూసి మొదలు కోసం వాదించుకుంటున్నారన్నమాట. వాళ్ళలో ఆఖరి బెంచీ పిల్ల ఒకతె ఉంది. నా దగ్గర రెండు సున్నాలు తెచ్చుకున్న ఘనురాలు. ఆ పిల్ల మధ్యాహ్నం భోజనం మానేసి లైబ్రరీలో ఆ రచయిత నవల చదువుతుంటే నా కళ్ళతో నేను చూశాను. ఒళ్ళు మండింది. నా పుస్తకం ఒక్కటైనా అలా చదివి చచ్చిందా?

ఆఖరి పాఠం దగ్గర పడుతున్నకొద్దీ సగం సారు మాత్రం చిక్కిపోయాడు. టీ తెచ్చిపెడితే చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చునేవాడు. పాఠానికి ముందురోజు ఇక ఉండబట్టలేక, "ఏమయ్యా మాస్టారూ, ఒంట్లో బాలేదా?" అని అడిగాను.

ఆయన సొరుగు తీసి, అట్ట వేసిన ఒక పుస్తకం బయటికి తీశాడు. అట్ట కాగితం బాగా పాతబడి, మూలలు నలిగి ఉంది.

"ఇదే మేడమ్ ఆఖరి నవల. నేను చదవలేదు."

"రేపు పాఠం పెట్టుకుని ఇంకా ఒకసారి తిరగేయలేదా?"

"ఒకసారి కాదు మేడమ్. అసలెప్పుడూ చదవలేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఎవరూ వినకూడదని తలుపు దగ్గరికి లాగి వచ్చి, గొంతు తగ్గించి తిట్టాను. గొంతు తగ్గించి తిట్టడం ఎంత కష్టమో నాలాంటివాళ్ళకే తెలుస్తుంది. చదవని పుస్తకం పాఠంగా పెట్టుకునే మాస్టారు ఎక్కడైనా ఉంటాడా? కమిటీలో నోరు తెరిచి ఆ ముక్క చెప్పొచ్చుగా?

"ఎలా చెప్పను మేడమ్? ఆ రచయితే నా ప్రాణం అని ఊరంతా చెప్పుకుని, ఆఖరి పుస్తకం చదవలేదంటే నవ్వరా?"

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఈ పుస్తకం వచ్చిన కొత్తలోనే అక్క కొని తెచ్చిందట. తెచ్చిన కొద్ది రోజులకే రచయిత పోయాడు. అప్పుడు అక్క పుస్తకం చేతిలో పెట్టి, "ఇంక ఆయన రాయడు కదరా. ఇది చదివేస్తే అయిపోతుంది. దాచుకో. అందులో ఒక అక్క ఉంటుంది, టికెట్లమ్మే అక్క. ఎప్పటికైనా నెమ్మదిగా చదువుకుందువుగాని" అందట. అంతే, దాచుకున్నాడు. దాచుకోవడమే అలవాటైపోయింది. ఎవరైనా ఆ నవల గురించి మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేవాడట. కష్టం వచ్చినప్పుడల్లా సొరుగులో ఇది ఉందిలే, ఇంకా ఒకటి మిగిలే ఉందిలే, అనుకునేవాడట.

"ఇందులో అక్క ఉందని ఆవిడకెలా తెలుసు? చదివిందా?"

"పైపైన తిరగేశానంది మేడమ్."

నేను పుస్తకం అందుకుని చూశాను. నాకు నవలలు తెలియకపోవచ్చు, పుస్తకాలు తెలుసు. ఎవరూ తెరవని పుస్తకం వెన్ను నున్నగా, నిటారుగా ఉంటుంది. అట్ట కాస్త జరిపి చూస్తే దీని వెన్ను మొదట్నుంచి చివరిదాకా ముడతలు పడి ఉంది. ఎవరో చాలా నిదానంగా, మొత్తం చదివారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను.

"ఇంటికెళ్ళి చదివేయండి. పొద్దున్నకల్లా అయిపోతుంది" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇన్నేళ్ళు దాచుకున్నది ఇన్‌స్పెక్షన్‌కి భయపడి ఒక్క పూటలో చదవలేను మేడమ్. పిల్లలతో కలిసి చదువుతాను. ఏమైతే అదే అవుతుంది."

ఏమవుతుందో నాకు తెలుసు. చదవకుండా వచ్చి పాఠం చెప్పాడని నా రిపోర్టులో నేనే రాయాలి. అబద్ధం రాయడం నాకు చేతకాదు. రాస్తే ఆయన ఇన్నేళ్ళ కోరిక అక్కడితో సరి.

మర్నాడు క్లాసులో ఆఖరి బెంచీలో, ఆ రెండు సున్నాల పిల్ల పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల బెంచీ చివరికంటా జరిగిపోయింది. సగం సారు అట్ట వేసిన పుస్తకం రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. వచ్చీ రాగానే ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"ఈ పుస్తకం నేను చదవలేదు. దాచుకున్నాను. ఇవాళ మీతో పాటు మొదటిసారి చదువుతాను."

నేను నా కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన మొదటి పేజీ తీసి పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆయన చదువుతుంటే వినబుద్ధేస్తుంది, ఆ మాట నేను కూడా ఒప్పుకుంటాను. ఒక పేజీ అయింది. రెండో పేజీ అయింది. మూడో పేజీలో ఆయన గొంతు మారింది. చెప్పుల్లో రాయి పడ్డా ఆగకుండా నడిచేవాడిలా చదువుతున్నాడు.

నా పక్క పిల్ల చెయ్యెత్తింది. "సార్, ఒకటి చెబితే కోప్పడరు కదా?"

"కోప్పడేవాళ్ళు నీ పక్కన కూర్చున్నారమ్మా. నేను కోప్పడను" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"మేమంతా లైబ్రరీ కాపీ ముందే చదివేశాం సార్. మీకు చెప్పాలంటే భయమేసింది. ఇది బాలేదు సార్."

"బాలేదా?"

"అస్సలు బాలేదు సార్. ముందు పుస్తకాల్లో ఆయన వింటాడు సార్. అందరూ మాట్లాడతారు, ఆయన వింటాడు. దీంట్లో ఆయనే మాట్లాడతాడు. కథలో ఆ రిటైరైన జడ్జి కనబడ్డ ప్రతివాడికీ నీతులు చెబుతాడు, అందరూ అవునండీ అవునండీ అంటారు. ఒక్కళ్ళు కూడా ఎదురు చెప్పరు. పుస్తకమంతా అంతే సార్."

సగం సారు నవ్వడానికి ప్రయత్నించాడు. "ఒంట్లో బాలేనప్పుడు రాశాడమ్మా. పెద్దవాడైపోయాడు."

"అయితే రాయకుండా ఉండాల్సింది సార్" అన్నాడు ముందు బెంచీ కుర్రాడు.

ఆ మాట ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పేజీలు గబగబా తిప్పడం మొదలుపెట్టాడు, ఏదో పారేసుకున్నవాడిలా. "సరే, ఉండండి. అక్క ఎక్కడొస్తుంది? అక్క వచ్చాక బాగుంటుంది."

"అక్కెవరు సార్?"

"టికెట్లమ్మే అక్క. సినిమా హాల్లో."

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నా పక్క పిల్ల చాలా మెల్లగా, ఆ పిల్ల గొంతులో అంత మెత్తదనం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు, "ఇందులో అక్క లేదు సార్. అసలు సినిమా హాలే లేదు" అంది.

పాఠం చెప్పేటప్పుడు కూర్చోవడం ఆయనకి అలవాటు లేదు. ఆ రోజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పుస్తకం బల్ల మీద పెట్టి, అట్ట మీద చెయ్యి వేసి, అలాగే ఉండిపోయాడు. లేని మనుషుల కోసం ఉన్న మనుషులు ఏడుస్తారేమిటని ఇన్నాళ్ళూ వెక్కిరించినదాన్ని, పుస్తకంలో లేని ఒక అక్క కోసం నేను గుటకలు మింగుతూ కూర్చున్నాను.

చాలాసేపటికి ఆయన తలెత్తాడు. "సరే. బాలేదని మీకు మొట్టమొదట ఎక్కడ తెలిసింది? ఆ పేజీ తీయండి. అక్కణ్ణించి వెనక్కి వెళ్దాం" అన్నాడు.

ఇక చూడాలి ఆ క్లాసు. ఒకడు ఇక్కడంటాడు, ఇంకొకతె కాదు అంతకుముందే అంటుంది. ఆరు పుస్తకాలూ బల్లల మీదికి వచ్చాయి. ఆ నవల్లో దర్జీ ఇలా ఎదురు తిరిగాడు, ఇక్కడ పనివాడు ఎందుకు నోరెత్తడు అని ఒకడు లేచాడు. ఆయన మొదట్లో రచయితని వెనకేసుకొచ్చాడు. పిల్లలు ఊరుకోలేదు. ఒక్కొక్క వాక్యం చూపించి నిలదీశారు. గంట కొట్టింది, ఎవరూ లేవలేదు. తర్వాతి క్లాసు నాదే. నేనూ లేవలేదు. ఆఖరికి ఆయన పుస్తకం మూసి, "నిజమే. ఇది మంచి పుస్తకం కాదు" అన్నాడు. ఆ నాలుగు మాటలు అనడానికి ఆయనకి ఎంత ఖర్చయిందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

ఆ సాయంత్రం ఆయన్ని ఒంటరిగా పంపబుద్ధి కాలేదు. నా స్కూటరు వెనక ఎక్కించుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ఆయన భార్య బ్యాంకు నుంచి ఇంకా రాలేదు. అక్కయ్యగారు ముందు గదిలో కిటికీ దగ్గర భూతద్దం పట్టుకుని పేపరు చదువుతోంది. సన్నటి మనిషి. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుంది. నన్ను చూసి, "రామ్మా, సున్నాలు వేసేది నువ్వేగా?" అంది నవ్వుతూ.

తమ్ముడు పుస్తకం ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "అక్కా, ఇందులో అక్క లేదు."

ఆవిడ భూతద్దం పక్కన పెట్టింది. అట్ట మీద వేళ్ళతో రాసింది. "చదివేశావా?"

"పిల్లలు చదివారు. పైపైన తిరగేశానన్నావు గానీ, నువ్వు మొత్తం చదివావు కదా?"

"చదివాను రా. కొన్న రోజే మొదలెట్టా. కౌంటర్లో కూర్చుని మొత్తం చదివి ఏడ్చా. ఆ మహానుభావుడు ఇలా రాశాడేమిట్రా అని. నువ్వేమో ఆయనంటే పడి చచ్చిపోయే రోజులు. నాకేం చెయ్యాలో తోచలేదు."

"బాలేదు, చదవొద్దు అని చెప్పొచ్చు కదా?"

"చదవొద్దంటే ఆ పూటే చదువుతావు నువ్వు. నాకు తెలీదా? దాచుకోమంటే దాచుకుంటావు."

ఆయన నేల మీద, ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. టికెట్ల గదిలో బల్ల కింద అలాగే కూర్చునేవాడేమో. "మరి అక్క ఉందని ఎందుకు చెప్పావు? ఇన్నేళ్ళు ఆ అక్క కోసమే దాచుకున్నా. ఎలా ఉంటుందో, ఏం మాట్లాడుతుందో అని."

సినిమా మొదళ్ళు క్షణంలో అల్లేసే మనిషి కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

"ఉండాల్సిందిరా" అంది చివరికి. "దర్జీ గురించి రాశాడు, ఆస్పత్రి ఆయా గురించి రాశాడు, అద్దె కట్టలేనివాళ్ళ గురించి రాశాడు. ప్రతి కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా అనుకునేదాన్ని, ఈసారి నేనుంటాను, ఈసారి నా గురించి రాస్తాడు అని. కన్నంలోంచి నా చెయ్యి తప్ప నా మొహం చూసినవాళ్ళు ఎవరున్నారు చెప్పు? ఆయనైనా చూస్తాడనుకున్నా. ఆఖరి దాంట్లో కూడా లేను. అందుకే నీకు ఉన్నానని చెప్పా."

సగం సారు ఆవిడ మోకాలి మీద తల ఆనించి ఏడ్చాడు. ఆవిడ ఆయన జుట్టులో వేళ్ళు పెట్టి, "ఊరుకోరా, మీ మేడమ్ చూస్తున్నారు, మార్కులు తీసేస్తారు" అంది. నేను కిటికీ వైపు తిరిగి, ఆ వీధిలో చూడ్డానికి ఏమీ లేకపోయినా, చాలాసేపు చూశాను.

వారం తిరక్కుండానే కమిటీ కూర్చుంది. నా రిపోర్టులో జరిగింది జరిగినట్టు రాశాను. ప్రిన్సిపాల్‌గారు అది చదివి కళ్ళజోడు తీశారు.

"మేడమ్, సారు పుస్తకం చదవకుండా వచ్చారని మీరే రాశారు. ఆ పుస్తకం బాలేదని తేలిందనీ మీరే రాశారు. మళ్ళీ కింద కోర్సు ఉండాలంటారేమిటి?"

"బాలేదని తేల్చింది పిల్లలండీ. ఆ రచయితని ప్రాణంలా చూసుకునే మనిషి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క వాక్యం చూపించి తేల్చారు. ఆయన విన్నాడు, ఒప్పుకున్నాడు. నా లెక్కల క్లాసులో ఇన్నేళ్ళలో ఒక్కడు కూడా లేచి, బోర్డు మీద మీరు తప్పు వేశారు మేడమ్ అనలేదు. అంటే నేను తప్పులు వేయలేదని కాదు. వాళ్ళకి నోరు రాలేదని. ఇంటర్వ్యూ నైపుణ్యాలంటారే, ఇంతకంటే ఏం నేర్పుతారు మీరు?"

నేను గొంతు పెంచితే ఆ గదిలో ఎవరూ ఎక్కువసేపు నిలవలేరు. కోర్సు ఉండిపోయింది. వచ్చే ఏడు కూడా ఆఖరి నవల సిలబస్‌లో ఉంటుందా అని అడిగితే, ఉంటుందన్నాడు సగం సారు, కుర్చీ నిండుగా కూర్చుని.

మరుసటి ఏడు ఆ కోర్సు మొదటి క్లాసు. నాకు ఆ గంట ఖాళీ, ఊరికే వెళ్ళి వెనక కూర్చున్నాను. ఊరికే వెళ్ళానంటే నమ్మొద్దు. ముందు బెంచీలో అక్కయ్యగారు కూర్చుని ఉంది, ఒళ్ళో చేతిసంచీ, ఉతికి ఇస్త్రీ చేసిన చీర. పోయినేటి పిల్లలు కొంతమంది కూడా తలుపు దగ్గర నిలబడ్డారు. సగం సారు లైట్లు ఆర్పి, ఆ వంతెన సినిమా పెట్టాడు.

తెర మీద ఏవో పేర్లు పడటం మొదలవగానే తలుపు దగ్గర్నుంచి గోల. "సార్, మొదట్నుంచి వస్తోంది సార్! మధ్యలోంచి పెట్టండి!"

"ఇవాళ మొదట్నుంచే" అన్నాడాయన. "ముందు బెంచీలో ఉన్నావిడ మీ అందరికంటే ఎక్కువ సినిమాలకి టికెట్లు అమ్మింది. ఒక్కదానికీ మొదటి రీలు చూడలేదు."

ఆవిడ కళ్ళార్పకుండా చూసింది. ఎవరో రైలు దిగారు, ఎవరో ఎవరికో ఎదురొచ్చారు, పెట్టె ఒకటి మారిపోయింది. నాకైతే ఆవలింత వచ్చింది. మొదటి రీలు ఇంకా అవ్వనేలేదు, చీకట్లో ఆవిడ గొంతు ఖణీమంటూ వినబడింది.

"ఛ, ఇదా! నేను చెప్పిందే నయం కదరా."

క్లాసంతా ఘొల్లుమంది. సగం సారు సినిమా ఆపేశాడు. లైట్లు వేశాడు. పోయినేడు నా పక్కన కూర్చున్న ఆ ఆఖరి బెంచీ పిల్ల తలుపు దగ్గర్నుంచి గబగబా ముందుకొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అయితే మీరు చెప్పండి అమ్మమ్మా. వంతెన మీద వాడు ఎందుకేడ్చాడు?"

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. ఆయన తన కుర్చీ లాగి, బల్ల ముందు, అందరికీ మొహం కనబడేలా వేశాడు. తను వచ్చి కింద, ముందు బెంచీ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆవిడ లేచి, చేతిసంచీ ఆ పిల్లకిచ్చి, నెమ్మదిగా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.